మైనస్ అమ్మ

తల్లిపాలు మానెయ్యమని చెప్పే డాక్టరు దొరకడం ఎన్నో జన్మల పుణ్యం!

నవ్వకండి. బాగా ఆలోచించే అంటున్నాను. అసలు తల్లిపాలు అనే సరుకు గురించి ఒక్కసారి తెలివైన వినియోగదారుడిలా ఆలోచించండి. మూత లేదు. సీలు లేదు. ఎప్పుడు తయారైందో, ఎప్పటిలోగా వాడాలో ఎక్కడా రాసి ఉండదు. లోపల కొలత చెంచా ఉండదు. పైన నవ్వే పాప బొమ్మ ఉండదు. చంటివాడు ఎంత తాగాడో చెప్పే గీతలుండవు. పోనీ, తేడా వస్తే ఫోన్ చేసి అరవడానికి కస్టమర్ కేర్ నంబరైనా ఉందా? లేదే! అలాంటి సరుకుని నమ్మి పసివాడి నోట్లో ఎలా పెడతాం?

పైగా దాని మీద ఎవరికీ పైసా మిగలదు. హోల్‌సేల్ వాడికి మిగలదు, రిటైల్ వాడికి మిగలదు, మందుల షాపు వాడికి అసలే మిగలదు. ఎవరికీ ఏమీ మిగలని సరుకు మంచిదయ్యే అవకాశం ఉందా? మీరే చెప్పండి!

అందుకే డాక్టర్లు వద్దంటారు. అందరూ అనరు లెండి. కొందరు ఇంకా పాతకాలంలోనే ఉండిపోయి, బిడ్డని ఎత్తుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, 'బాగున్నాడమ్మా, పాలివ్వు, నువ్వు కూడా కడుపునిండా తిను' అని పంపించేస్తారు. అవసరమైన బిడ్డకి మాత్రమే డబ్బా రాస్తారు. అలాంటి చాదస్తుల గురించి మనకెందుకు? నేను చెప్పబోయేది అసలు సిసలు ఆధునిక డాక్టరు గురించి.

ఆయనకి వెయిటింగ్ హాల్లో ఆడవాళ్ళు పెట్టుకున్న పేరు 'తలెత్తని డాక్టరు'. ఎంతమంది వచ్చినా, ఎవరు ఏడ్చినా ఆయన తల కాగితం మీంచి లేవదు. ఆయన కళ్ళు ఏ రంగులో ఉంటాయో ఆ క్లినిక్‌కి ఏళ్ళ తరబడి వస్తున్నవాళ్ళు కూడా చెప్పలేరు. నడినెత్తి మీద పలచబడుతున్న జుట్టు మాత్రం అందరికీ కంఠతా వచ్చు.

ఆయన చేతి మేలు పొందినవాళ్ళలో మా పక్క వాటాలో ఉండే టీచరమ్మ ఒకరు. లెక్కల టీచరు. తొలి కాన్పు కోసం సెలవు పెట్టి ఇంట్లో ఉంది. ఆవిడ మొగుడు లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్కు. అత్తగారు నిండైన మనిషి, మాట అంతకంటే నిండు. ఈ కథలో కొంత గోడకి ఇవతల నుంచి విన్నాను, కొంత అడిగి తెలుసుకున్నాను, మిగతాది అడక్కుండానే అత్తగారు చెప్పారు.

పుట్టినవాడు చక్కగా పుట్టాడు. తల్లి పాలు తాగి బుగ్గలూ, గెడ్డం కింద ఇంకో గెడ్డం, మణికట్టు దగ్గర దారం కట్టినట్టు మడతలూ తెచ్చుకున్నాడు. ఇంట్లో వాణ్ణి 'బొద్దుగాడు' అని పిలుచుకునేవారు. సైన్సు తెలియని ఇళ్ళల్లో పేర్లు ఇలాగే పెట్టేస్తారు. బొద్దుగా ఉన్నాడో లేదో నిర్ణయించాల్సింది ఎవరు? మనమా, మెషీనా?

ఆ మెషీను సంగతి చెప్పాలి.

తలెత్తని డాక్టరు గారి వెయిటింగ్ హాలు పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది. గోడ వెంబడి ప్లాస్టిక్ కుర్చీలు. ఒక మూల పెద్దవాళ్ళని తూచే మెషీను. దాని పక్కన బల్ల మీద పసిపిల్లల్ని పడుకోబెట్టి తూచే తెల్లటి రేకు తొట్టి, దాని ముందు గుండ్రటి పలక, దాంట్లో ఒక ముల్లు. కానీ ఆ తొట్టిలో పసిపిల్లల్ని పడుకోబెట్టరు. చోటేదీ? అందులో పాలడబ్బాలు పేర్చి ఉంటాయి! అడుగున వెడల్పుగా మొదలై, పైకి పోయేకొద్దీ సన్నబడి, కొసన ఒకే ఒక్క డబ్బా కిరీటంలా కూర్చుని ఉంటుంది. ముల్లు ఎప్పుడో చివరి అంకె దాకా పోయి అక్కడే ఆనుకుని నిలబడిపోయింది. ఆ క్లినిక్‌లో పాలడబ్బాల ఎదుగుదల మాత్రం దివ్యంగా ఉందన్నమాట.

మరి పిల్లల్ని ఎలా తూస్తారు? అక్కడే ఉంది తెలివి! ముందు తల్లి పెద్ద మెషీను ఎక్కుతుంది. తర్వాత బిడ్డని ఎత్తుకుని ఎక్కుతుంది. రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే మిగిలేదే బిడ్డ. కాంపౌండరు ఆ తీసివేత నోటితోనే చేసి, గోడకున్న కిటికీలోంచి డాక్టరు గారి గదిలోకి కేకేస్తాడు. డాక్టరు గారు ఆ అంకె వేసుకుని, దానికి వైద్యం చేస్తారు.

మొదటిసారి అంతా పద్ధతిగానే జరిగింది. టీచరమ్మ ఒంటరిగా ఎక్కింది. అరవై కిలోలు. కాంపౌండరు ఆ అంకెని ఫైలు అట్ట మీద మార్కరుతో బారెడు రాసుకున్నాడు. తర్వాత బొద్దుగాడితో ఎక్కింది. 'నాలుగున్నర!' అని కేక వినబడింది. లోపలి నుంచి 'సరే' అని జవాబు వచ్చింది.

తర్వాతి నెల నుంచి తల్లిని ఒంటరిగా ఎక్కించలేదు. ఎందుకెక్కించాలి? ఒకసారి తూచారు కదా! బిడ్డలంటే పెరుగుతారు, తరుగుతారు. తల్లికేం? తల్లి తల్లిలాగే ఉంటుంది. ఇంటి గోడని నెలనెలా కొలిచి చూసుకుంటామా? అట్ట మీద అరవై ఉంది, అది తీసేస్తే సరి. కాంపౌండరుకి టైమ్ ఆదా, తల్లికి శ్రమ ఆదా. ఇంతటి సౌలభ్యం ఇంకెక్కడైనా ఉందా?

ఆ రెండో నెల కేక, 'నాలుగున్నరే!'

"పెరగలేదు. పాలు చాలట్లేదు. డబ్బా మొదలుపెట్టండి," అన్నారు డాక్టరు గారు కాగితంతో.

టీచరమ్మ ఇంకో నెల చూద్దామండీ అని బతిమాలుకుని బయటపడింది. ఆ నెలంతా వాడు అడిగినప్పుడల్లా ఇచ్చింది, అడగనప్పుడు లేపి ఇచ్చింది. మూడో నెల వెళితే కాంపౌండరు కిటికీలో తల దూర్చి మరీ అరిచాడు.

"మూడున్నర సార్!"

హాల్లో ఆడవాళ్ళంతా అయ్యయ్యో అన్నారు. అయ్యయ్యో అంటూ బొద్దుగాడి వైపు చూశారు. వాడు తల్లి చేతుల్లో పట్టకుండా, రెండు తొడలూ బయటికి వేలాడేసి, తన చొక్కా బొత్తాన్ని పీకి నోట్లో పెట్టుకునే పనిలో ఉన్నాడు. అయినా కేక విన్నాక వాళ్ళ కళ్ళకి వాడు చిక్కిపోయినట్టే కనిపించాడు. అంకెకున్న శక్తి అది!

"తగ్గాడు. నీ పాలలో సత్తువ లేదమ్మా," అన్నారు డాక్టరు గారు. "మానెయ్. పాలు ఆగిపోవడానికి మాత్రలు రాస్తున్నా. ఇవాళే డబ్బా తీసుకెళ్ళు."

"డాక్టరు గారూ, వీడి చొక్కాలు చాలట్లేదండీ. పోయిన నెలవి బొత్తాలే పట్టట్లేదు. తగ్గితే మరి..."

"ఉతికితే బట్టలు కుంచించుకుపోతాయి."

"ఒక్కసారి వీణ్ణి చూడండి సార్."

"చూశాగా. మూడున్నర." పెన్ను ఆగకుండా రాస్తూనే ఉంది. "లెక్కల టీచరువని విన్నాను. అంకెల్ని నువ్వే నమ్మకపోతే ఎలాగమ్మా?"

ఆ ఒక్క మాటతో టీచరమ్మ నోరు మూతపడింది. నిజమే కదా! బ్లాక్‌బోర్డు ముందు నిలబడి 'అంకెలు అబద్ధం చెప్పవు పిల్లలూ' అని గొంతు చించుకునే మనిషి, తన బిడ్డ దగ్గరికి వచ్చేసరికి అంకె వద్దు, బొత్తాం ముద్దు అంటే బాగుంటుందా? ఆవిడ డబ్బా తీసుకుని, మాత్రల చీటీ తీసుకుని, బిడ్డని భుజాన వేసుకుని ఇంటికి వచ్చింది. ఆటోలో ఏడ్చింది. తన పాలు తాగి తన బిడ్డే తరిగిపోతున్నాడంటే ఏ తల్లి ఏడవదు?

ఇంట్లో దొరికిన ఓదార్పు గురించి ఎంత చెప్పినా తక్కువే.

"నేను ముందే అనుకున్నాను," అన్నారు అత్తగారు. ఏం జరిగినా ఆవిడ ముందే అనుకుని ఉంటారు. "మా రోజుల్లో డాక్టరు ఒక మాట అంటే మేం రెండో మాట అనలేదు. అందుకే మీ ఆయన ఇలా ఉన్నాడు."

మీ ఆయన సోఫాలో ఎలా ఉన్నాడో అలాగే ఉండి, "డాక్టరు గారు చెప్పారుగా," అన్నాడు. కాసేపాగి వృత్తిరహస్యం కూడా విప్పాడు. "లిఫ్టు ఓవర్‌లోడ్ అంటే ఓవర్‌లోడే. దాంతో వాదిస్తామా? ఒకళ్ళు దిగిపోవాలి, అంతే."

ఎవరు దిగిపోవాలో అందరికీ అర్థమైంది.

ఆ తర్వాత వార్త పాకింది. పాలు సత్తువ లేనివని తేలాక ప్రపంచంలో ఉన్న వైద్యులంతా ఒక్కతాటి మీదికి వచ్చారు. మెట్ల మీద కాలు బెణికి టీచరమ్మ ఎముకల డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన చీలమండ వైపు చూడకుండానే "పాలిస్తున్నారా? అదీ సంగతి!" అన్నాడు. పళ్ళ డాక్టరు, తల్లిపాలు తాగితే బొద్దుగాడికి పళ్ళు వంకరగా వస్తాయన్నాడు. వాడికి ఇంకా ఒక్క పన్నూ రాలేదు, వంకర మాత్రం ముందే వచ్చేసింది! కళ్ళద్దాలు మార్చుకోడానికి వెళ్ళిన అత్తగారితో కంటి డాక్టరు కూడా "కోడలు పాలిస్తోందా?" అని దీర్ఘం తీశాడట. పై వాటాలో పశువుల డాక్టరు ఉంటాడు. ఆయన ఒక్కడే పాలు మంచివన్నాడు. కానీ ఆయన మాట ఎవరు వింటారు? ఆయనకి దూడలే కదా తెలిసింది!

ఇంత మేలు చుట్టుముట్టినా టీచరమ్మ మొండిది. డబ్బా వంటింటి అరలో పెట్టింది గానీ మూత తియ్యలేదు. మాత్రలు తెచ్చుకుంది గానీ మింగలేదు. అత్తగారు ఒకరోజు చెంచా, వేడినీళ్ళు సిద్ధం చేసుకుని డబ్బా సీలు మీద గోరు పెట్టేసరికి కోడలు వచ్చి చెయ్యి పట్టుకుంది.

"అత్తయ్యా, ఇంకొక్క తూకం. ఒక్కటే. అప్పుడు కూడా తగ్గాడని వస్తే నేనే ఈ మూత తీస్తాను. ఆ మాత్రలు మీ ముందే మింగుతాను. అందాకా వాడి నోటికీ నాకూ మధ్య ఎవరూ రావద్దు."

కోడలు అలా మాట్లాడటం అత్తగారు అదే మొదటిసారి వినడం. చెయ్యి వెనక్కి తీసుకున్నారు. కానీ ఊరికే తీసుకుంటారా?

"సరే. కానీ ఈసారి వాణ్ణి ఎత్తుకుని నేనెక్కుతాను మెషీను. నువ్వెక్కితే ఊపిరి బిగబట్టో, మడమలు నొక్కో ఏదో ఒకటి చేస్తావు."

అలా ఒప్పందం కుదిరింది. ఆ తూకం వచ్చేదాకా టీచరమ్మకి ప్రతి పాలపూటా ఒక పరీక్షే. వాడు గుటక వేస్తే మురిసిపోయేది, తల పక్కకి తిప్పుకుంటే గుండె జారిపోయేది. "పెరగరా నాన్నా, నా పరువు కోసమైనా పెరగరా," అని వాడి చెవిలో చెప్పుకునేది. ఇంటిల్లిపాదీ వాడి బుగ్గలు చూస్తూ భోజనం చేసేవారు. వాడు సరిగ్గా ఆవిడ కంచం ముందు కూర్చునేసరికి ఏడ్చేవాడు. ఆవిడ లేచి వెళ్ళేది. తిరిగి వచ్చేసరికి ముద్ద ఆరిపోయి ఉండేది, ఆకలి అంతకంటే ముందే చచ్చిపోయి ఉండేది. గిన్నెలు కడిగేవాళ్ళు కూడా ఆ కంచం వైపు ఒకసారి చూసి, పాలివ్వడం మానేస్తే అన్నీ సర్దుకుంటాయిలే అనుకుని నీళ్ళు పోసేసేవారు. వేలికున్న ఉంగరం జారిపోతోందని ఆవిడ దానికి దారం చుట్టుకుంది. ఆ దారం చుట్టు ఒకటి రెండైంది, రెండు మూడైంది. చేతినిండా బిడ్డే ఉంటే వేలు ఎవరికి కనబడుతుంది?

తూకం రోజు రానే వచ్చింది. ముగ్గురూ వెళ్ళారు. మొగుడు మాత్రం ఎక్కడో లిఫ్టులో ఎవరో ఇరుక్కున్నారని వెళ్ళాడు.

అత్తగారు చెప్పులు విప్పి, చేతిసంచీ కోడలికిచ్చి, బొద్దుగాణ్ణి గుండెకి హత్తుకుని మెషీను ఎక్కారు. కాంపౌండరు గురువుకి తగ్గ శిష్యుడు. ఎక్కిందెవరో చూడలేదు. మెషీను అంకె చూశాడు, అట్ట మీద అంకె చూశాడు, అలవాటు ప్రకారం తీసేశాడు. తర్వాత మెషీను అంకె ఇంకోసారి చూసి కేకేశాడు.

"పన్నెండున్నర!"

హాల్లో ఫ్యాను చప్పుడు వినబడింది.

"ఎంత?" అన్నారు లోపలి నుంచి.

"పన్నెండున్నర సార్!"

డాక్టరు గారి పెన్ను ఆగింది. తల మాత్రం లేవలేదు. అంత తేలిగ్గా లేచే తల కాదది.

"చూశారా!" అని గదిలోంచి గొంతు ఖంగుమంది. "చూశారా అందరూ! మూడున్నర కిలోల పిల్లాడు! డబ్బా మొదలుపెట్టగానే పన్నెండున్నర! ఇన్నాళ్ళూ తల్లి మొండితనానికి పసివాడు బలైపోయాడు. సైన్సుని నమ్మితే ఇలా ఉంటుంది!"

అత్తగారు కిటికీ దగ్గరికి వెళ్ళారు. ఆనందం పట్టలేకపోతున్నారు గానీ, పాపం నిజాయితీ గల మనిషి.

"డాక్టరు గారూ, డబ్బా ఇంకా..."

"మీరేం చెప్పక్కర్లేదమ్మా. అంకే చెబుతోంది. ఇప్పుడేం పెడుతున్నారో అదే కంటిన్యూ చెయ్యండి. ఒక్కటి కూడా మార్చొద్దు!"

మరుక్షణం హాల్లో తొక్కిసలాట మొదలైంది. పన్నెండున్నర అంటే మాటలా! అప్పటిదాకా పాలిస్తూ కూర్చున్న తల్లులు బిడ్డల్ని నోటి దగ్గర్నుంచి లాక్కుని మరీ లేచారు. కుర్చీలు పడ్డాయి. ఒకావిడ రెండు, ఒకావిడ నాలుగు. అక్కకి తోడుగా వచ్చిన, వేవిళ్ళతో ఉన్న ఒకమ్మాయి, పుట్టబోయేవాడి కోసం ఇప్పుడే తీసుకుంటానని పట్టుబట్టి కొనుక్కుంది. కాంపౌండరు చేతులు చాలక మోచేతులతో అందించాడు. కిరీటం పోయింది, నడుము పోయింది, చివరికి అడుగు వరస కూడా పోయింది. రేకు తొట్టి ఖాళీ అయింది. దాని ముల్లు ఎన్నాళ్ళకో కదిలి, వెనక్కి తిరిగి, సున్నా దగ్గర నిలబడింది.

ఈ గోలంతా జరుగుతుంటే టీచరమ్మ మాత్రం గోడకి ఆనుకుని పన్నెండున్నర గురించే ఆలోచిస్తోంది. తన క్లాసులో పిల్లాడెవడైనా ఇలాంటి జవాబు తెస్తే ఏమనేది? 'జవాబు సరే, దేంట్లోంచి ఏది తీసేశావో చూపించు' అనేది. ఇన్నాళ్ళూ అది తనెందుకు అడగలేదు? సత్తువ లేని పాలు అన్న మాట చెవినపడ్డాక ఆవిడ లెక్కలన్నీ తన మీదే వేసుకుంది, మెషీను మీద ఒక్కటీ వేయలేదు.

అత్తగారికి భుజం లాగేస్తోంది. పన్నెండున్నర కిలోల మనవడు కదా! చెప్పులు తొడుక్కోవడానికి వాణ్ణి ఎక్కడ దించాలా అని చూశారు. పక్కనే ఖాళీ తొట్టి కనిపించింది. మెత్తగా అందులో పడుకోబెట్టారు. ముల్లు కదిలింది. ఆరున్నర దగ్గర ఊగి, అక్కడే ఆగింది.

అత్తగారు ఒక చెప్పు తొడుక్కుని, రెండోది మర్చిపోయారు.

"ఏవయ్యా కాంపౌండరూ! ఇది ఆరున్నర అంటోంది. అక్కడ పన్నెండున్నర అన్నావు. మిగతా ఆరు కిలోలు ఎక్కడ పడేశావు?"

కాంపౌండరు నోరు తెరిచేలోపు టీచరమ్మ ముందుకొచ్చింది. క్లాసులో మాట్లాడే గొంతు అది. చాలా రోజుల తర్వాత బయటికి వచ్చింది.

"మీరు ఏ అంకె తీసేశారండీ?"

"అరవై అమ్మా. తల్లి బరువు. ఇదిగో, అట్ట మీద ఉంది."

"ఎక్కింది తల్లి కాదు కదా!"

కాంపౌండరు అప్పుడు తల ఎత్తి చూశాడు. అత్తగారిని కింద నుంచి పై దాకా, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశాడు.

"అంటే..." అన్నారు అత్తగారు మెల్లగా, "ఆ ఆరు కిలోలూ నావా?"

హాలు గొల్లుమంది. డబ్బాలు పట్టుకున్న తల్లులు పొట్ట పట్టుకోడానికి చేతులు ఖాళీ లేక డబ్బాల మీదే వాలి నవ్వారు. "నవ్వుతారేం? నిండు మనిషిని, బరువుండనా?" అని అత్తగారు కసిరారు. తర్వాత ఏదో తట్టినట్టు ఆగిపోయారు.

"అది సరే. పోయినసారి ఎక్కింది నువ్వే కదే? మరి మూడున్నర ఎలా వచ్చింది?"

టీచరమ్మకి అప్పటికే తెలిసిపోయింది. చేతిసంచీ కుర్చీలో పెట్టి, వెళ్ళి పెద్ద మెషీను మీద ఒంటరిగా నిలబడింది.

యాభై ఏడు.

అత్తగారు అట్ట వైపు చూశారు. మెషీను వైపు చూశారు. తొట్టిలో కాళ్ళు తన్నుతున్న మనవడి వైపు చూశారు. వేళ్ళ మీద లెక్కేసుకున్నారు. ఇంత చిన్న తీసివేతకి ఆవిడకి చాలాసేపు పట్టింది.

"పిల్లాడు తగ్గలేదే," అన్నారు. "నువ్వు తగ్గావు."

కోడల్ని కిందికి దించుదామని అత్తగారు చెయ్యి పట్టుకున్నారు. వేలికి ఏదో గరుగ్గా తగిలింది.

"ఈ దారమేంటి?"

"ఉంగరం జారిపోతోందత్తయ్యా."

"ఎప్పట్నించి?"

టీచరమ్మకి కళ్ళనీళ్ళు ఆగలేదు. అత్తగారు తన రెండు చేతులతో ఆ చెయ్యి కాసేపు పట్టుకుని నిలబడ్డారు. తర్వాత వదిలేసి, ఒంటి చెప్పుతోనే కిటికీ దగ్గరికి నడిచారు.

"ఏమండీ డాక్టరు గారూ! మా కోడలు చిక్కిపోయింది, పిల్లాడు కాదు. మీవాడు పాత అంకె తీసేసి మా కొంప ముంచబోయాడు."

"తల్లి బరువు మా పరిధిలోకి రాదమ్మా. మేం పిల్లల డాక్టర్లం. నెక్స్ట్!"

"పాలు మానెయ్యమన్నప్పుడు వచ్చిందేం మీ పరిధిలోకి?"

తలెత్తని డాక్టరు తలెత్తారు. ఆయనవి పిల్లికళ్ళని ఆ రోజే హాలంతటికీ తెలిసింది.

దీంతో ఆ క్లినిక్ బాగుపడలేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. బాగుపడింది. తొట్టిలో మళ్ళీ డబ్బాలు పేర్చారు, ఈసారి ఇంకా అందంగా. కొన్నవి వెనక్కి తీసుకోబడవని గోడకి బోర్డు పెట్టారు. కాంపౌండరు ఫైలు అట్ట మీద తల్లి బరువుతో పాటు అత్తగారి బరువు కూడా రాసుకుంటున్నాడు. ముందు జాగ్రత్త! సైన్సు ఎక్కడా ఆగదు.

టీచరమ్మ కూడా దారికొచ్చింది. డాక్టరు గారి మాట తు.చ. తప్పకుండా పాటిస్తోంది. 'ఇప్పుడేం పెడుతున్నారో అదే కంటిన్యూ చెయ్యండి' అన్నారు కదా, అదే చేస్తోంది. డబ్బా కూడా రోజూ వాడుతోంది. పాలిచ్చే కుర్చీ కొంచెం ఎత్తు, పాదం కింద పెట్టుకోడానికి అది సరిగ్గా సరిపోయింది. సీలు చెక్కుచెదరలేదు.

మొన్న గోడకి ఇవతల నుంచి ఇంకో మాట వినబడింది. బొద్దుగాడు పాలు తాగుతున్న చప్పుడు, దాని మీద అత్తగారి గొంతు. "మాట్లాడకు. నోరు తెరు. వాడు తాగినంత సేపూ నీకూ తినడమే పని." అవతల నుంచి మొగుడు, "అమ్మా, మరి డాక్టరు గారు ఏమన్నా..." అనబోయాడు. "నువ్వు ముందు ఆ కంచం ఇలా పట్టుకురా," అన్నారు అత్తగారు. కంచం వచ్చిన చప్పుడైంది.

ఇప్పుడు చెప్పండి, పుణ్యమా కాదా? ఆ డాక్టరు గారు పాలు వద్దనకపోతే ఏమయ్యేది? బొద్దుగాడు పెరుగుతూనే ఉండేవాడు, ఇల్లంతా వాణ్ణి చూసి మురుస్తూనే ఉండేది, ఆ దారం ఇంకో నాలుగు చుట్లు తిరిగేది. ఆవిడ పాలు మంచివా కావా అని డాక్టర్లు చెప్పారు, మొగుడు చెప్పాడు, హాల్లో ముక్కూమొహం తెలియనివాళ్ళు చెప్పారు. అన్నం తిన్నావా అని అడగడానికి మాత్రం ఒక తప్పుడు తీసివేత కావలసి వచ్చింది.

మీ ఇంట్లోనూ చంటివాడు ఉండే ఉంటాడు. వాడి బరువెంతో అడిగితే గ్రాములతో సహా చెబుతారు, నాకు తెలుసు.

మరి వాడి అమ్మది?